విన్నిపెగ్‌లో నాలుగు రంగుల అల్లిక

పరాయి దేశంలో పిల్లల్ని పెంచే మనందరి నోటా ఒక పడికట్టు మాట ఉంటుంది: పాపం, రెండు సంస్కృతుల మధ్య నలిగిపోతున్నారని. ఇంట్లో పప్పుచారు, బళ్లో పిజ్జా. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఇంగ్లీషు. ఆ లెక్క టొరంటోలో సరిపోతుందేమో గానీ, అదే కెనడాలో మేముండే విన్నిపెగ్‌లో సరిపోదు. ఇక్కడ పిల్లల ముందు మూడో సంస్కృతి ఒకటుంది, ఈ నేల మూలవాసులది. నిజానికి అదే మొదటిది.

ఈ ఊళ్లో ఏ సభ మొదలైనా ముందుగా ఈ నేల ఎవరిదో చెబుతారు. బ్రిటిష్ రాణి ప్రభుత్వానికీ మూలవాసులకీ మధ్య 1871లో కుదిరిన ఒకటో ఒప్పందం కిందికి వచ్చే ప్రాంతం ఇది. అనిషినాబే, క్రీ, ఓజి-క్రీ, డకోటా, డెనే అనే మూలవాసుల నేల, వాళ్లకీ యూరప్ నుంచి వచ్చినవాళ్లకీ పుట్టిన సంతతి అయిన మేటీల సొంతగడ్డ. వాటితోపాటు నీళ్ల మాట కూడా వస్తుంది. మా కుళాయిలో వచ్చేది షోల్ లేక్ నీరు. 1919లో పెద్ద కాలువ పూర్తిచేసి ఊరికి ఆ నీళ్లు తెచ్చుకున్నారు. ఆ పనుల్లోనే షోల్ లేక్ 40 అనే అనిషినాబే ఊరు దీవిలా తెగిపోయింది. మాకు నీళ్లిచ్చిన ఆ ఊరివాళ్లేమో 1997 నుంచి 2021 దాకా కుళాయి నీళ్లు కాచకుండా తాగొద్దన్న హెచ్చరిక కిందే బతికారు. వాళ్లు ఏడాది పొడుగునా బయటికి వచ్చిపోవడానికి రోడ్డు పడింది 2019లో. మా తెలుగువాళ్ల పండగ సభల్లోనూ ఈ నేల గురించిన మాటలు చదువుతాం. చదివేవాళ్లు గబగబా చదివేస్తారు, వినేవాళ్లు సమోసాల బల్ల వైపు చూస్తుంటారు. పిల్లలు మాత్రం వింటారు.

మా అమ్మాయి అలా వింటూ పెరిగింది. సెప్టెంబరు వచ్చిందంటే నారింజ రంగు చొక్కా కావాలంటుంది. 1973లో ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనే ఆరేళ్ల పాప, గ్రానీ కొనిపెట్టిన నారింజ చొక్కా వేసుకుని బ్రిటిష్ కొలంబియాలో ఒక రెసిడెన్షియల్ స్కూల్‌కి వెళ్లింది. మొదటి రోజే ఆ చొక్కా లాగేసుకున్నారు, మళ్లీ ఇవ్వలేదు. ఆమె చెప్పిన ఆ సంగతితోనే 2013లో నారింజ చొక్కా రోజు మొదలైంది. 2021 నుంచి సెప్టెంబరు 30 దేశమంతా పాటించే రోజయింది. ప్రభుత్వం డబ్బుతో చర్చిలు నడిపిన అలాంటి బళ్లలోకి లక్షన్నరకు పైగా మూలవాసుల పిల్లల్ని తీసుకెళ్లారు. జుట్టు కత్తిరించారు. సొంత భాషలో మాట్లాడితే కొట్టారు. చివరి బడి మూతపడింది 1990ల్లో, అంటే నేను హైస్కూల్లో ఉన్న రోజుల్లో. పాత చరిత్ర అనుకుని పక్కన పెట్టడానికి లేదు.

ఇవన్నీ బళ్లో విని వచ్చిన రోజు రాత్రి, అన్నం తింటూ, మా అమ్మాయి ఇంగ్లీషులో ఒక ప్రశ్న వేసింది. "మనల్ని ఎవరూ కొట్టలేదు కదమ్మా, మరి మనింట్లో నేనూ నాన్నా తెలుగులో ఎందుకు మాట్లాడుకోం?" మావారు పెరుగు గిన్నె నా వైపు జరిపారు. శనివారం తెలుగు క్లాసుకి డుమ్మా కొట్టడానికి వంద సాకులు చెప్పే పిల్ల అడిగే ప్రశ్న కాదిది. నా దగ్గర జవాబు లేదు. ఆ వారం క్లాసుకి మాత్రం గొణక్కుండా వెళ్లింది. తర్వాతి వారం మళ్లీ మామూలే.

ఆ నెలలోనే వాళ్ల క్లాసుకి ఒక అనిషినాబే పెద్దావిడ వచ్చారు. సాయానికి వెళ్లిన తల్లుల్లో నేనూ ఉన్నాను. టీచరు ముందుగా చిన్న గుడ్డలో మూటకట్టిన పొగాకు ఆవిడ చేతికిచ్చి, పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పమని అడిగారు. పెద్దల్ని ఏదైనా చెప్పమని అడిగేటప్పుడు పొగాకు ఇవ్వడం వాళ్ల మర్యాద. ఫోన్లో ఈ సంగతి చెబితే మా అమ్మ, "పొగాకా? బళ్లోనా?" అని రెండుసార్లు అడిగింది.

పిల్లలందరూ గుండ్రంగా కూర్చున్నారు. ఆవిడ నాలుగు దిక్కుల గురించి చెప్పారు. తూర్పుకి పసుపు, దక్షిణానికి ఎరుపు, పడమరకి నలుపు, ఉత్తరానికి తెలుపు. ఒక్కో దిక్కుకీ ఒక రుతువు, మనిషి జీవితంలో ఒక దశ. తూర్పున మొదలుపెట్టి, సూర్యుడు నడిచే వైపుగా తిరగాలి. "మా వాళ్లు ఇలా చెబుతారు, ఇంకో చోట రంగులు వేరేగా ఉండొచ్చు, వాళ్లది తప్పనకండి" అని కూడా అన్నారు. నాకు బాగా నచ్చింది ఆ మాటే. మన దగ్గర వీధికో పద్ధతి, అయినా పక్కింటివాళ్లదే తప్పు.

క్లాసులో మిగతావాళ్లు రంగు కాగితాలతో గుండ్రాలు చేశారు. మా అమ్మాయి క్రోషియాతో అల్లుతానంది. దానికి కారణం మా సోఫా మీదున్న తెల్ల లేసు గుడ్డ. అది మా అమ్మ అల్లింది.

మా అమ్మది నరసాపురం పక్క పల్లె. అక్కడ లేసంటే సరదా కాదు, కూలి. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలు ఆడవాళ్లకి ఆ పని నేర్పారు. తర్వాత ఊళ్లకి ఊళ్లే దాని మీద బతికాయి. ఏజెంటు నూలు ఇచ్చి వెళ్తాడు. వంటా వార్పూ అయ్యాక అరుగు మీద కూర్చుని అల్లాలి. ఆ గుడ్డలు ఇంగ్లండ్, అమెరికా ఇళ్లలో బల్లల మీదికి చేరతాయి. మా అమ్మ నాకా పని నేర్పలేదు, కావాలనే. "ఈ సూది నాతో ఆగిపోవాలి, నువ్వు పుస్తకం పట్టు" అనేది. అందుకే మనవరాలికి నేర్పమంటే ముందు నమ్మలేదు. ఇక్కడ క్రోషియా నేర్చుకోవడానికి జనం డబ్బులు కట్టి క్లాసులకి వెళ్తారంటే మరీ నమ్మలేదు.

మాకు సాయంత్రం ఏడు అయితే అక్కడ తెల్లవారుజాము అయిదున్నర. అమ్మ కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఫోన్ని పంచదార డబ్బాకి ఆనించి కూర్చునేది. మా అమ్మాయిది ఎడమచేతి వాటం. పుట్టినప్పటి నుంచీ అమ్మకి అదో పెద్ద బెంగ. ఎడం చేత్తో తినకు, ఎడం చేత్తో ఇవ్వకు, ఎడం చేత్తో అక్షింతలు వేయకు. అలాంటిది సూది పట్టేసరికి సంగతి తిరగబడింది. అమ్మ ఎదురుగా కూర్చుని కుడిచేత్తో అల్లుతుంటే, ఫోన్లో ఆ చెయ్యి సరిగ్గా మా అమ్మాయి ఎడమచేతికి ఎదురుగా వచ్చింది. అద్దంలో చూసి జడ వేసుకున్నట్టే, చూసింది చూసినట్టు చేసేసింది. అదే పనిని యూట్యూబ్‌లో భుజం మీదుగా తీసిన వీడియోలు చూసి నేర్చుకోబోతే ఒక్క ముడీ పడలేదు.

అల్లిక మధ్యలోంచి మొదలవుతుంది. నూలుతో చిన్న ఉచ్చు వేసి, సూదికి ఒకసారి నూలు చుట్టుకుని లాగే పొడుగు కుట్లు అందులో పన్నెండు వేయాలి. రెండో వరసలో ప్రతి కుట్టులోనూ రెండేసి, మొత్తం ఇరవై నాలుగు. మూడో వరసకి ముప్ఫై ఆరు, నాలుగుకి నలభై ఎనిమిది. వరసకి పన్నెండు పెరగాలి. తక్కువైతే అంచు పైకి లేచి గిన్నె అయిపోతుంది, ఎక్కువైతే లంగా కుచ్చిళ్లలా అలలు తిరుగుతుంది. మా అమ్మాయికి పన్నెండో ఎక్కం వచ్చింది ఇలాగే.

పెద్దావిడ చెప్పిన నాలుగు దిక్కుల్ని వాళ్లు ఒక చక్రంగా గీస్తారు, అందులో రంగులు నాలుగు పావులుగా ఉంటాయి. ఒకే వరసలో నాలుగు రంగులు మార్చడం కొత్త చేతికి కుదిరే పని కాదు. పైగా అచ్చం వాళ్లదాన్నే దించాలని మాకూ లేదు. అందుకని వరసకో రంగు పెట్టుకున్నాం: నడిమధ్య పసుపు, తర్వాత ఎరుపు, నలుపు, తెలుపు.

ఎరుపు వరసలో ఉండగా అమ్మ ఉన్నట్టుండి, "అదేంటే, నీది ప్రదక్షిణంగా వెళ్తోంది!" అంది. నిజమే. కుడిచేతివాళ్లు గుండ్రంగా అల్లితే పని ఎడమవైపుకి నడుస్తుంది, అంటే అప్రదక్షిణం. ఎడమచేతివాళ్లది గడియారం ముల్లులా తిరుగుతుంది. పెద్దావిడ చెప్పిన వైపు అదే. తనెన్ని వేల గుడ్డలు అల్లినా ఒక్కటీ ఇటు తిరగలేదని అమ్మ ఆశ్చర్యపోయింది. అప్పటి నుంచి ఎడమచేతి మీద సణుగుడు కాస్త తగ్గింది. అక్షింతల విషయంలో మాత్రం తగ్గలేదు.

మా అమ్మాయి దాని ఫొటో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే లైకులే లైకులు. ఒక అక్క ఫోన్ చేసి, "ఇలాంటివి ఓ యాభై అల్లించి, 'నేటివ్ మండలా' అని పేరు పెట్టి సంక్రాంతి మేళాలో అమ్ముదాం, డబ్బు పిల్లల లైబ్రరీకి" అంది. మంచి మనసుతోనే అంది. నేను నసుగుతూ అమ్మతో చెప్పాను. అమ్మకి అర నిమిషం పట్టలేదు. "మిషన్ లేసు తెచ్చి నరసాపురం లేసని అమ్మితే మాకు మండదా? అట్టాగే వాళ్లకీ మండుద్ది." ఫలానా ఊరి సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే జీఐ గుర్తింపు నరసాపురం లేసుకి వచ్చింది 2024లో. చేత్తో అల్లినదాని పేరు మీద మిషన్ సరుకు చలామణీ అవుతుంటే చూస్తూ ఊరుకున్న మనుషులకి ఈ సంగతి పుస్తకం తెరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడి సావనీర్ షాపుల్లో డ్రీమ్‌క్యాచర్లు, అంటే వల అల్లి ఈకలు కట్టిన గుండ్రాలు, వేలాడుతుంటాయి. అవి పుట్టింది అనిషినాబేల ఇళ్లలో, షాపులో దొరికేవి మాత్రం చాలావరకు ఏ ఫ్యాక్టరీలోనో తయారైనవి. ఆ వరసలోకి మా పిల్ల అల్లికను చేర్చడం నాకిష్టం లేదు. అక్కకి అదే చెప్పాను, కొంచెం నొచ్చుకుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. దానికి నాకిప్పటికీ సమాధానం దొరకలేదు. మా పల్లెకి సూది తెచ్చింది మిషనరీలు. ఇక్కడ పిల్లల నోట్లోంచి భాష లాగేసింది చర్చి బళ్లు. ఆ కుట్టు నేర్పిన దొరసానుల గురించి మా అమ్మ, తన అమ్మమ్మ దగ్గర విన్నంత గౌరవంగానే చెబుతుంది. ఆ పక్కనే కూర్చుని మా అమ్మాయి నారింజ నూలు చుడుతుంటుంది. ఇద్దరి మాటా నిజమే. తొమ్మిదేళ్ల పిల్లకి రెండూ వినిపించాను గానీ, రెండింటినీ కలిపి ఒక నీతి చేసి చెప్పడం నా వల్ల కాలేదు.

నారింజ నూలు అంచుకి. అంచు మాత్రం నరసాపురం పద్ధతిలోనే ఉండాలని అమ్మ పట్టుబట్టింది. నాలుగు కుట్లకో చిన్న ముల్లు చొప్పున చుట్టూ పన్నెండు. అయ్యేసరికి అరచేతికన్నా కాస్త పెద్దదిగా వచ్చింది. బళ్లో పక్కన పెట్టడానికి మా అమ్మాయి ఒక కార్డు రాసుకుంది: రంగులూ దిక్కులూ మా క్లాసుకి వచ్చిన అనిషినాబే పెద్దావిడ చెప్పినవి, అల్లిక నరసాపురం నుంచి మా అమ్మమ్మ నేర్పింది, చెయ్యి నాది. టీచరు పిల్లలతో మ్యాపులో నరసాపురం వెతికించారట.

బడికి పట్టుకెళ్లే ముందు రోజు అమ్మకి చూపించాం. ముందువైపు చూసి ఊరుకుంది. "వెనక్కి తిప్పవే బంగారం" అంది. వెనకంతా రంగు మార్చిన చోట్ల కొసలు వేలాడుతున్నాయి, ముళ్లు ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి.

"మా ఏజెంటయితే దీన్ని మొహాన కొట్టేవాడు."

"అమ్మమ్మా, బాగుంటే ఎంత ఇచ్చేవాడు?"

అమ్మ చెప్పింది. మా అమ్మాయి దాన్ని డాలర్లలోకి మార్చి, ఫోన్ తప్పు చూపిస్తోందేమోనని మళ్లీ కొట్టి చూసింది. తర్వాత మొండి సూది తీసుకుని కొసలు ఒక్కొక్కటే లోపలికి దూర్చడం మొదలుపెట్టింది, "ఫ్రీగా చేస్తున్నాను, గుర్తుపెట్టుకో" అంటూ, తెలుగులో.