తాలింపు పెట్టని టర్కీ

"అమ్మా, ఈసారి టర్కీకి తాలింపు పెట్టకు."

ఇక్కడ అమెరికాలో, టర్కీ కోడి వండుకునే థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు, శుక్రవారం పొద్దున, నేను ఫ్రిజ్‌లోంచి డబ్బాలు ఒక్కొక్కటీ తీసి పెడుతుంటే మా అమ్మాయి అన్న మాట ఇది. రెండు బ్రెడ్ ముక్కల మధ్య చల్లటి టర్కీ, పుల్లటి క్రాన్‌బెర్రీ పళ్ల సాస్, కాస్త స్టఫింగ్ (టర్కీతో పాటు వండే బ్రెడ్ ముక్కలు), దాని మీద గ్రేవీ. అంతే కావాలట. స్నేహితుల ఇళ్లలో ఆ రోజు అందరూ అదే తింటారట. "నాకు పండగ భోజనం కంటే ఆ సాండ్‌విచ్చే తినాలనుంది. మనింట్లో ఒక్కసారి కూడా చెయ్యలేదు" అంది.

నిజమే, చెయ్యలేదు. నాకు ఆ శుక్రవారం మీద పట్టుదల ఉంది. గురువారం వంట మాకు చదువుకుని చేసే వంట. ఎన్ని డిగ్రీలు, ఎన్ని గంటలు, ఎన్ని కప్పులు అని ఫోన్ చూసుకుంటూ చేస్తాం. శుక్రవారం నాడు పోపు డబ్బా మూత తీశాక ఇక నాకు ఫోన్ అక్కర్లేదు. నవంబరు నాలుగో గురువారం ఈ దేశానికి పండగ అని 1941లో చట్టం చేశారు. ఆ పండగ మా ఇంటిది అయ్యేది మాత్రం మర్నాడే అని నేను నమ్ముతూ వచ్చాను.

మిగలడం ఎలాగూ తప్పదు. మనిషికి ఒక పౌండు చొప్పున కొనమంటారు. నలుగురున్న ఇంటికి నాలుగు పౌండ్ల టర్కీ ఎక్కడ దొరుకుతుంది? అందుకే ఎంతో కొంత చెయ్యి తిరిగింది. లెగ్ పీసుల మాంసం చేత్తో చిదిపి వేపుడు చేస్తాను. ఉల్లిపాయ, కరివేపాకు, అల్లం వెల్లుల్లి, మిరియాల పొడి అన్నీ బాగా వేగాక చివరి ఐదు నిమిషాల్లోనే మాంసం వెయ్యాలి. అది అప్పటికే ఉడికింది కదా, మొదటే వేస్తే పీచులా అయిపోతుంది. బ్రెస్ట్ పీసు ఎలా చేసినా పొడిపొడిగానే ఉంటుంది, దాన్ని పులావులో కలపడం మేలు. పులావుకి బియ్యం మాత్రం ఎముకలు ఉడికించిన నీళ్లలో ఉడకాలి. ఆ నీళ్లు ఇంకా మిగిలితే మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేసి చారు కాస్తాను. నవంబరు చలికి అంతకు మించింది లేదు.

బంగాళాదుంపల ముద్దతో బోండాలు వేద్దామని చాలామంది అనుకుంటారు. అందులో పాలు, వెన్న ఉంటాయి కాబట్టి నూనెలో వెయ్యగానే విచ్చిపోతాయి. ముందు మూకుట్లో తడి ఆరేదాకా కలిపి, పచ్చిమిర్చి, అల్లం, పసుపు, కాస్త బియ్యప్పిండి వేసి, ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి, అప్పుడు చిక్కటి శనగపిండిలో ముంచాలి. అంత ఓపిక లేనప్పుడు ఆ ముద్దలోనే గోధుమపిండి వేసి, నీళ్లు పొయ్యకుండా కలిపితే చపాతీలు దూదిలా వస్తాయి. స్టఫింగ్‌ని బ్రెడ్ ఉప్మాలా చేస్తాను. గుమ్మడికాయతో చేసే ‘పై’ అనే తీపి వంటకం జోలికి వెళ్లను, దాన్ని అలాగే తినాలి.

క్రాన్‌బెర్రీతో మన వాళ్లకి చుట్టరికం ఎప్పుడో కలిసింది. ఇక్కడ వాక్కాయలు దొరకవు కాబట్టి ఆ పులుపు కోసం పచ్చి క్రాన్‌బెర్రీలతో పప్పు చేసుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. తియ్యటి సాస్ మిగిలితే మెంతులు, ఆవాలు, ఎండుమిర్చి వేయించి పొడి కొట్టి, ఉప్పు చేర్చి, ఇంగువ తాలింపు పెడితే బెల్లం వేసిన చింతకాయ పచ్చడికి దగ్గరగా వస్తుంది. నాకు అన్నిటికంటే గర్వంగా అనిపించేది ఆ పచ్చడే. మా అమ్మాయి ముట్టనిదీ అదే.

ఇదంతా మా అమ్మ దగ్గర చూసి నేర్చుకున్నది. సంక్రాంతికి పూర్ణం మిగిలితే బొబ్బట్లు అయ్యేది. గారెలు మిగిలితే పెరుగులో పడేవి. పులిహోర మిగలాలనే కాస్త ఎక్కువ కలిపేవారు, మర్నాటికి పులుపు అన్నానికి పట్టి ఇంకా బాగుంటుందని. అన్నం మరీ ఎక్కువ మిగిలితే జీలకర్ర, పచ్చిమిర్చి నూరి కలిపి వడియాలు పెట్టేవారు. అన్నం పరబ్రహ్మ స్వరూపం అంటూ మెతుకు పారెయ్యనిచ్చేది కాదు. ఇక్కడ పండగయ్యాక వీధిలో చెత్తబుట్టలు నిండిపోవడం చూస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఈ దేశంలో పండే, తయారయ్యే తిండిలో 30 నుంచి 40 శాతం వృథా అవుతుందని ఇక్కడి ప్రభుత్వ లెక్కే చెబుతోంది. ఆ అంకె బడిలో విని వచ్చి ఇంట్లో చెప్పింది కూడా మా అమ్మాయే. పారెయ్యకూడదన్న పట్టింపు దానికీ ఉంది. కాకపోతే మిగిలినదాన్ని ఎలా తినాలన్న దగ్గరే మాకు తేడా వచ్చింది.

ఒక విషయంలో మాత్రం దాని మాటే నెగ్గింది. వండినది బల్ల మీద రెండు గంటలకు మించి ఉంచనివ్వదు. పెద్ద గిన్నె పెద్ద గిన్నెగా ఫ్రిజ్‌లో తోస్తే మధ్యలో చల్లబడదని, లోతు తక్కువ డబ్బాల్లోకి సర్దుతుంది. గురువారం వండింది సోమవారం లోపు అయిపోవాలి, లేదంటే ఫ్రీజర్‌లోకి. వేడి చేస్తే 165 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వెళ్లాలని థర్మామీటర్ గుచ్చి చూస్తుంది. మా ఊళ్లో రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున్నే ఉల్లిపాయతో తినేవాళ్లం అంటే, బియ్యంలో ఉండే ఒక బాక్టీరియా బీజాలు ఉడికించినా చావవని, బయట ఉన్న అన్నంలో మళ్లీ పెరుగుతాయని చెప్పింది. తెలుసుకుని చెప్పిన మాట, కాదనలేకపోయాను. ఇప్పుడు ఫ్రిజ్‌లో పెట్టిన అన్నంలోనే మజ్జిగ కలుపుకుంటున్నాను. ఈ సంగతి అమ్మకి చెప్పలేదు.

ఆ శుక్రవారం సాండ్‌విచ్ మాట విన్నాక నాకు గుర్తొచ్చింది మొన్నటి సంక్రాంతి. మా అబ్బాయి మిగిలిన పులిహోరని టార్టియా రొట్టెలో చుట్టి, చీజ్ చల్లి, పెనం మీద కాల్చుకున్నాడు. గారెని వాఫుల్ మెషీన్‌లో అదిమి కరకరలాడేలా చేసి హాట్ సాస్‌తో తిన్నాడు. నాకు ఎంత బాధేసిందో! పులిహోర మీద చీజ్ ఏమిట్రా అని గట్టిగానే అన్నాను. వాడు ఎదురు చెప్పలేదు, పళ్లెం తీసుకుని పైకి వెళ్లిపోయాడు. మరి టర్కీకి నేను చేస్తున్నదేమిటి? ఇంకొకరి పండగ భోజనాన్ని నా నాలుకకి తగ్గట్టు మార్చుకుంటే నాకది మా అమ్మ నేర్పిన వంటింటి తెలివి. వాడు మన పండగ భోజనాన్ని తన నాలుకకి తగ్గట్టు మార్చుకుంటే అది నాకు పోగొట్టుకోవడంలా తోచింది.

ఆ బాధ ఉత్తిదని మాత్రం అనలేను. ఇక్కడ నాలుగు వైపులా ఉన్న రుచి పిల్లలకి ఎలాగూ వస్తుంది, ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంగువ వాసన మాత్రం ఈ ఒక్క ఇంట్లోంచే రావాలి. కాలేజీకి వెళ్లాక అది వాళ్లకి ఎక్కడ దొరుకుతుంది? అందుకే నేను ప్రతి డబ్బాకీ తాలింపు పెడతాను. అయితే మా అమ్మాయి పుట్టింది ఇక్కడ. నాకు కనుమ నాటి గారె ఎలాంటిదో, దానికి ఆ చల్లటి టర్కీ సాండ్‌విచ్ అలాంటిదేనేమో. స్నేహితుల దగ్గర ఏళ్ల తరబడి విన్న రుచి అది. పండగ మర్నాటి తిండి మీద ఎవరికి ఎంత మమకారం ఉంటుందో నాకు తెలియంది కాదు.

ఈసారి బ్రెస్ట్ పీసు మొత్తం దానికే ఇచ్చేశాను. లెగ్ పీసులు, ఎముకలు నేను తీసుకున్నాను. అది బ్రెడ్ కాల్చుకుని, గ్రేవీ బాగా మరగబెట్టుకుని, తనే చేసుకుంది. నాకూ ఒకటి చేసి ఇచ్చింది. మాంసంతో తీపేమిటి అనుకునేదాన్ని గానీ, క్రాన్‌బెర్రీ పులుపు కలిసి బాగుంది. వేపుడు నేనూ మా ఆయనా తిన్నాం, అబ్బాయి రెండూ తిన్నాడు. అమ్మాయి వేపుడు వైపు చూడలేదు. తినమని నేనూ అడగలేదు.

మీ ఇంట్లో పిల్లలు ఇలా అడిగితే ఏం చెయ్యమంటారంటే, వంటల సంగతి అయితే పైన చెప్పినవన్నీ ధైర్యంగా చెయ్యొచ్చు. ఏ డబ్బాకి పోపు పెట్టాలో, ఏది అలా వదిలెయ్యాలో మాత్రం నాకే ఇంకా తేలలేదు. సంక్రాంతి దగ్గరికొస్తోంది. గారెల పిండి ఈసారి కాస్త ఎక్కువ రుబ్బుతాను, సగం పెరుగులోకి, సగం మా అబ్బాయి వాఫుల్ మెషీన్‌కి. పులిహోర మీద చీజ్‌కి ఒప్పుకుంటానో లేదో ఇప్పుడే చెప్పలేను.