పై వాటాలో డెడ్‌లిఫ్ట్: టైల్స్ నేల మీద బరువుల గది

ఒడిశాలోని బరంపురంలో మేముండేది అద్దె ఇంటి పై వాటాలో. కింద ఇంటివాళ్లు ఉంటారు. మేం మౌసీ అని పిలిచే పెద్దావిడ, ఆవిడ కొడుకు కుటుంబం. మా వాటాలో పది అడుగుల గది ఒకటి ఖాళీగా ఉంది, నేల విట్రిఫైడ్ టైల్స్. ఈ గదిలో నేను బరువులెత్తాలి, ముఖ్యంగా డెడ్‌లిఫ్ట్ చేయాలి, అంటే నేల మీదున్న బరువు పట్టుకుని నిటారుగా లేచి నిలబడాలి. టైల్ పగలకూడదు, శ్లాబ్‌కి ఏమీ కాకూడదు, నా కాలి మీద ఏదీ పడకూడదు, మౌసీ మధ్యాహ్నం కునుకు చెడకూడదు. ఇంట్లోనే మొదలుపెట్టాలనుకుని ఆగిపోయిన వాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, నాకు చాలామంది తెలుసు. వాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మా ఊరికి వెయిట్‌లిఫ్టింగ్ కొత్తది కాదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచిన కాటులు రవికుమార్ బరంపురం వాడే. ఇచ్ఛాపురం దాటి శ్రీకాకుళం వైపు వెళ్తే ఆమదాలవలస. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు పద్ధతుల్లో 110, 130 కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఆ ప్రాంతం నుంచే వచ్చారు. టీవీలో వాళ్లు బరువును పైనుంచి వదిలేయడం చూసి అదే పద్ధతి అనుకుంటాం. వాళ్ల కింద పొడవు, వెడల్పు నాలుగేసి మీటర్లున్న వేదిక ఉంటుంది, రాడ్‌కి రబ్బరు ప్లేట్లు (గుండ్రటి బరువు బిళ్లలు) ఉంటాయి. మన ఇంట్లో ఆ రెండూ ఉండవు. అందుకే ఈ గదిలో మొదటి నియమం: బరువు ఎప్పుడూ చేతిలోంచి వదలకూడదు. కింద పరిచే ఏర్పాటంతా ఎప్పుడైనా పట్టు జారితే కాపాడడానికే.

ఏప్రిల్: నేల పరీక్ష

ఏదీ కొనకముందు రూపాయి బిళ్ల అంచుతో గదిలో ఒక్కో టైల్‌నీ నాలుగు మూలలా, మధ్యలో కొట్టి చూశాను. కింద సిమెంటు నిండుగా ఉంటే గట్టి శబ్దం వస్తుంది. ఖాళీ ఉంటే డొల్లగా మోగుతుంది. విట్రిఫైడ్ టైల్ చాలా గట్టిదే, కానీ వంగదు. కింద ఆధారం లేనిచోట దెబ్బ తగిలితే ముందు పగిలేది ఆ డొల్ల టైలే. మా గదిలో కిటికీ దగ్గర వరుస డొల్లగా మోగింది. దాన్ని వదిలేసి, దూలం ఉన్న గోడ వైపు మూల ఎంచుకున్నాను. శ్లాబ్ గది నడిమధ్యలోనే ఎక్కువ వంగుతుంది, దూలాల దగ్గర తక్కువ.

తర్వాత లెక్క. ఇళ్ల గదులకు మన దేశంలో ఐఎస్ 875 అనే భారత ప్రమాణం రెండో భాగం ప్రకారం చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోల భారం తట్టుకునేలా డిజైన్ చేస్తారు. నేను వేయాలనుకున్న వేదిక 8 అడుగులు పొడవు, 4 అడుగులు వెడల్పు. దాదాపు 3 చదరపు మీటర్లు. ప్లైవుడ్, రబ్బరు కలిపి 130 కిలోలు, నేను 60, నిండా వేసిన రాడ్ 60. మొత్తం 250. చదరపు మీటరుకు 83 కిలోలే పడుతోంది. నిలకడగా ఉన్న బరువుతో భయం లేదు. ఇది కాంక్రీటు శ్లాబ్ మాట. మా బజారు వీధుల్లోలా చెక్క దూలాల పాత మిద్దె అయితే ఇంజినీరుకు చూపించకుండా పైన ఏమీ పెట్టొద్దు. బాల్కనీ వద్దే వద్దు.

భయమంతా పడే బరువుతోనే. 20 కిలోల డంబెల్ అర మీటరు ఎత్తు నుంచి పడి, అర సెంటీమీటరు దూరంలో ఆగిందనుకోండి. ఆ ఆగే క్షణంలో నేల మీద సగటున సుమారు 2,000 కిలోల భారం పడ్డట్టు. అదే ఒక సెంటీమీటరు దూరంలో ఆగితే అందులో సగం. రబ్బరు చేసే పని అదే, ఆగే దూరాన్ని పెంచుతుంది. ప్లైవుడ్ పని వేరు. ఒక్క బిందువు మీద పడిన దెబ్బను పక్కలకు పంచుతుంది. ఈ రెండూ ఉండాలి. ఒకటుంటే రెండోది అక్కర్లేదు అనుకోవడం సరికాదు.

మే: వేదిక

రంగురంగుల ఫోమ్ ముక్కలు, ఒకదానిలో ఒకటి ఇమిడేవి, చవగ్గా దొరుకుతాయి. వాటి మీద కూర్చుని చేసే వ్యాయామాలకు అభ్యంతరం లేదు. బరువు పట్టుకుని నిలబడితే మాత్రం కింద మెత్తగా నొక్కుకుపోయి మడమ ఊగుతుంది. డంబెల్ పెట్టినచోట గుంట పడి అలాగే ఉండిపోతుంది. నేను అవి తీసుకోలేదు.

తీసుకున్నది పశువుల షెడ్డుల్లో ఆవుల కింద పరిచే రబ్బరు మ్యాట్. డెయిరీ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. 17 మిల్లీమీటర్ల మందం, ఆవు గిట్టల్ని తట్టుకునే రబ్బరు. జిమ్ పేరుతో అమ్మేవాటికంటే నాకు ఇదే నచ్చింది. చాలా బరువు, మేడ మెట్లెక్కించడానికి ఇద్దరు మనుషులు కావాలి. కొత్తలో వాసన ఎక్కువ. సబ్బునీళ్లతో కడిగి డాబా మీద నీడలో కొన్నాళ్లు ఆరనిచ్చి లోపలికి తెచ్చాం.

ప్లైవుడ్ 19 మిల్లీమీటర్లది, రెండు షీట్లు. మాది గోపాలపూర్ సముద్రానికి దగ్గర, గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. మామూలు ప్లై ఉబ్బిపోతుంది. మెరైన్ గ్రేడ్ అడగండి, షీటు మీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటుంది. మెట్ల మలుపులో పూర్తి షీటు తిరగదు కాబట్టి వడ్రంగి చేత దుకాణంలోనే కోయించాం. కింది పొరను నాలుగు అడుగుల చొప్పున రెండు ముక్కలు, పై పొరను రెండు, నాలుగు, రెండు అడుగుల చొప్పున మూడు ముక్కలు. అలా కోస్తే అతుకు మీద అతుకు పడదు. రెండు పొరలు కలిపి 38 మిల్లీమీటర్లు, అందుకే స్క్రూలు 30 మిల్లీమీటర్లవే వాడాలి. 40వి వేస్తే మొన ప్లై దాటి కిందికి పొడుచుకొస్తుంది. వడ్రంగి చేతిలో ఏ సైజు డబ్బా ఉందో చూసి మరీ వేయించండి.

ప్లై కింద 6 మిల్లీమీటర్ల పలుచని రబ్బరు షీటు పరిచాం, జారకుండా. నల్ల రబ్బరు లేత రంగు టైల్‌ని తిన్నగా తాకితే నెలలు గడిచేసరికి మరక దిగుతుంది, అది కడిగినా పోదు. అందుకని టైల్‌కీ రబ్బరుకీ మధ్య పాత దుప్పటి వేశాం. వేదిక రెండు చివర్లా, ప్లేట్లు ఆనేచోట ఆవుల మ్యాట్. మధ్యలో నేను నిలబడేచోట మరో ప్లైవుడ్ ముక్క. పాదం కింద చెక్క, ఇనుము కింద రబ్బరు. ఇది తప్పనిసరిగా పాటించమంటాను, ఎందుకంటే బరువుతో ఉన్నప్పుడు పాదం కింద ఏదీ మెత్తగా ఉండకూడదు.

జూన్, జులై: మౌసీ చెప్పిన మాట

మౌసీని ముందే అడిగాను. సరేనన్నారు కానీ మొదటి వారంలోనే పిలిచారు. "సప్పుడు కాదమ్మా, అదురు. మంచం కోడు అదురుతోంది" అన్నారు. ఆ మాట నాకు చాలా ఉపయోగపడింది. చెవికి వినిపించే చప్పుడు గాలిలో వెళ్లేది, కిటికీ మూస్తే తగ్గుతుంది. అదురు కాంక్రీటులోంచి, గోడల్లోంచి వెళ్తుంది. కిటికీలకీ దానికీ సంబంధం లేదు. మా ఆయన పైన రాడ్ దించుతుంటే నేను కింద మౌసీ మంచం మీద కూర్చుని పరీక్షించాను. మామూలుగా దించితే తెలుస్తోంది. మూడు అంకెలు లెక్కపెడుతూ దించితే తెలియడం లేదు. వేదిక అంచు ఒకచోట గోడను తాకుతోంది, దాన్ని రెండు అంగుళాలు ఇవతలికి జరిపాక ఇంకా తగ్గింది. ఇప్పుడు సాయంత్రం ఆరు తర్వాతే రాడ్ పట్టుకుంటున్నాను. ఉదయం డంబెల్స్ మాత్రమే.

మెల్లగా దించడం వల్ల కండరానికి కూడా మంచి పని దొరుకుతుంది. 25 కిలోలతో మొదలైన డెడ్‌లిఫ్ట్ జులై చివరికి 40కి వచ్చింది, నడుము నొప్పి లేకుండా.

మా ప్లేట్లు చిన్నవి. పోటీల్లో వాడే పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు, అందుకే రాడ్ నేల నుంచి 22 సెంటీమీటర్లకు పైన ఉంటుంది. ఇంట్లో వాడే పది కిలోల ఇనుప ప్లేటుతో అది 15కి పడిపోతుంది. అంత కిందికి వంగితే నడుము గుండ్రమవుతుంది. మరికొన్ని ప్లైవుడ్ ముక్కలు నాలుగేసి అతికించి రెండు దిమ్మలు చేయించాను. అంచున చిన్న పట్టీ కొట్టించాను, ప్లేటు దొర్లిపోకుండా. ఇప్పుడు రాడ్ సరైన ఎత్తులో ఉంది.

వర్షాకాలం: తేమ, చెమట

ఆగస్టులో మ్యాట్లు ఎత్తి చూస్తే అంచుల దగ్గర చెమ్మ. నీళ్లెక్కడినుంచీ రాలేదు, గాలిలోదే. అప్పటినుంచి నెలకోసారి మ్యాట్లు ఎత్తి నిలబెట్టి, ఫ్యాన్ వేసి ఆరబెడుతున్నాం. తడిగుడ్డతో తుడిచిన రోజు వ్యాయామం మధ్యాహ్నం దాటాకే.

తడి టైల్ మీద మేజోళ్లతో బరువు పట్టుకుని నడవడం ఈ గదిలో జరగగల అతి పెద్ద ప్రమాదం అని నా అభిప్రాయం. డంబెల్ తీసుకోవడం, పెట్టడం అన్నీ వేదిక మీదే జరగాలి. చదును అడుగున్న గట్టి బూట్లు వేసుకుంటున్నాను, పరుగుకు వాడే మెత్తటివి పనికిరావు. చేతులకు టాల్కం పౌడర్ రాయకండి, అది జారుడు పెంచుతుంది. పట్టు కోసం మెగ్నీషియం చాక్ దొరుకుతుంది, లేకపోతే పొడి తువ్వాలు చాలు.

అక్టోబరు నుంచి

ఇప్పుడు చేస్తున్నవి: డంబెల్ ఛాతీకి ఆనించి స్క్వాట్ (గుంజీలా కూర్చుని లేవడం), మోకాలి దాకా మాత్రమే దించే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, ఒంటిచేత్తో రోయింగ్ (ముందుకు వంగి డంబెల్‌ను నడుము వైపు లాగడం), నేల మీద పడుకుని ప్రెస్ (బరువును పైకి నెట్టడం). ఒంటరిగా చేసేవాళ్లకు బెంచ్ ప్రెస్ కంటే ఈ నేల ప్రెస్ మంచిదని గట్టిగా చెబుతాను. మోచేతులు మ్యాట్‌కి ఆనగానే చెయ్యి ఆగుతుంది, డంబెల్స్ మెడ మీదికి రావు. బెంచ్ మీదే రాడ్‌తో చేస్తానంటే, పక్కన మనిషి లేనప్పుడు క్లిప్పులు (ప్లేట్లు రాడ్ మీంచి జారకుండా బిగించేవి) పెట్టకండి. లేవకపోతే ఒకవైపు వంచి ప్లేట్లు జారవిడవచ్చు. మిగతా వ్యాయామాలన్నిటికీ క్లిప్పులు ఉండాల్సిందే. మరలున్న డంబెల్ రాడ్ల నట్లు ప్రతి సెట్‌కీ (ఆపకుండా చేసే ఒక్కో విడతకీ) వదులవుతాయి. ఎత్తేముందు రెండు వైపులా బిగించి చూసుకోవడం నాకు అలవాటైంది.

తల పైకి ఎత్తేవి కూర్చునే చేస్తాను. గదిలో ఫ్యాన్ ఉంది, నిలబడి చేతులు చాచితే డంబెల్ రెక్కలకు తగిలేంత దగ్గరగా వెళ్తుంది. దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు, మీ గదిలో కొలుచుకోండి.

ప్లేట్లు గోడకు ఆనించి నిలబెట్టడం మానేయండి. టైల్ నున్నగా ఉంటుంది, కొంచెం వాలు కూడా ఉంటుంది, అడుగు జారితే ప్లేటు పడుతుంది. మౌసీ మనవడు పైకి వస్తుంటాడు, మూడేళ్ల వాడు. అందుకే ప్లేట్లన్నీ పడుకోబెట్టి పేరుస్తాం, గదికి పై గడియ వేస్తాం. కొత్తగా డంబెల్స్ కొనేవాళ్లు ఆరు పలకలవి కొనండి, అవి దొర్లవు. సిమెంటు నింపిన ప్లాస్టిక్ ప్లేట్లు చవకే కానీ ఒక్క దెబ్బకు తొడుగు పగిలి పొడి రాలుతుంది. పాతవైనా సరే, ఇనుపవి నయం.

డెడ్‌లిఫ్ట్ ఇప్పుడు 60 కిలోల దగ్గర ఉంది. స్క్వాట్ 7.5 నుంచి 16కి వచ్చింది. దూలం వైపు టైల్స్ అన్నిటినీ మళ్లీ రూపాయితో కొట్టి చూశాను, కొత్తగా డొల్ల ఏదీ లేదు. 60 నుంచి ఒకేసారి 65కి వెళ్లడం నా నడుముకు ఎక్కువ, అందుకని 1.25 కిలోల ప్లేట్ల జత వెతుకుతున్నాను. 28 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్నవి ఇక్కడ దుకాణాల్లో దొరకలేదు. సంక్రాంతికి విశాఖ వెళ్లినప్పుడు తేవాలి.