బుజ్జిగాడితో ఫ్రాన్స్ వెళ్లొచ్చాం - నా అనుభవం

మేం ఉండేది ఇంగ్లండ్‌లో రెడింగ్, మా బుజ్జిగాడు మూడేళ్ల కాకర్ స్పానియల్. 2024 మేలో కార్లో దక్షిణ ఫ్రాన్స్‌లోని మాంట్‌పెల్లియర్ పోదాం అనుకున్నాం. బ్రెక్సిట్‌కి (బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడానికి) ముందైతే పెట్ పాస్‌పోర్ట్ ఒకటుంటే ఎన్నిసార్లైనా తిరిగేవాళ్లంట, 2021 నుంచి ఇక్కడ ఇచ్చినవి యూరప్‌లో చెల్లట్లేదు, వెళ్లిన ప్రతిసారీ కొత్తగా యానిమల్ హెల్త్ సర్టిఫికెట్ చేయించాల్సిందే, అదీ అక్కడ అడుగుపెట్టే ముందు 10 రోజుల లోపు. "కుక్కకి కూడా వీసానా రా" అని విజయవాడ నుంచి మా అమ్మ ఒకటే నవ్వు.

నా తప్పు ఏంటంటే రేబీస్ బూస్టర్ డేట్ నాలుగు రోజులు దాటబెట్టా. నాలుగు రోజులే కదా అనుకున్నా, కానీ దాటితే మళ్లీ మొదటి డోస్ కిందే లెక్కంట, 21 రోజులు ఆగాలి. మే 1న సూది వేయించి, వేళ్లమీద లెక్కేసి 21న సర్టిఫికెట్ పేపర్లు 22న ప్రయాణం అని ఛానల్ టన్నెల్ (సముద్రం కింద రైల్లో కారు ఎక్కించి ఫ్రాన్స్ దాటే దారి) టికెట్ కొనేశా, తీరా వెట్ (పశువుల డాక్టర్) చూసి సూది వేసిన రోజు సున్నా అండీ, రేపు రండి అంది. టికెట్ జరిపించుకున్నా, ఇంకేం చేస్తాం. పేపర్లకి 180 పౌండ్లు అయింది.

మాంసం, పాలు ఉన్నవేవీ బోర్డర్ దాటించకూడదని వాడి తిండి ఇంట్లోనే పెట్టేసి అక్కడే కొన్నాం. అమ్మ పంపిన చికెన్ పచ్చడి సీసా కూడా ఆగిపోయింది, నాకు ఎక్కువ బాధేసింది దానికే.

తిరుగు ప్రయాణానికి టేప్‌వార్మ్ (బద్దెపురుగు) మందు, బ్రిటన్‌లో అడుగుపెట్టే ముందు 24 గంటలకి తక్కువ కాకుండా 120 గంటలు దాటకుండా వెట్ దగ్గర వేయించి టైమ్‌తో సహా రాయించాలి. మేం గురువారం వేయించి శనివారం దాటాం. ఈ మందు వాడి కోసం కాదు, బ్రిటన్‌లో లేని ఒక రకం టేప్‌వార్మ్ ఇక్కడికి రాకుండా.

నాకు ఒళ్లు మండింది అక్కడే. ఇన్ని పేపర్లలో వాడి ప్రాణం మీదకొచ్చే జబ్బు గురించి ఒక్క లైను లేదు. దక్షిణ ఫ్రాన్స్‌లో శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ కుట్టి లీష్మేనియా అనే జబ్బు అంటిస్తుంది, నెలలు, ఒక్కోసారి ఏళ్ల తర్వాత బయటపడుతుంది, పిడుదుల వల్ల వచ్చే బబీసియా అనే జబ్బు ఇంకోటి. ఇవేవీ బోర్డర్‌లో అడగరు. మా వెట్ చెప్పబట్టి రెండు వారాల ముందే వాడి మెడకి డెల్టామెత్రిన్ (ఈగలు, పిడుదులు దరిచేరకుండా చేసే మందు) పట్టీ కట్టాం, చీకటి పడ్డాక వాడిని బయటికి వదల్లేదు, రోజూ చెవుల వెనక పిడుదులు వెతికాం, రెండు దొరికాయి.

లీష్మేనియా అంటిందేమో చూడ్డానికి ఆరు నెలలు ఆగి బ్లడ్ టెస్ట్ చేయించమంది వెట్, నవంబర్ చివర్లో అపాయింట్‌మెంట్ తీసుకున్నా.