మూడున్నర వేల పెన్షనూ, రెండు రూపాయల వడ్డీ

డిసెంబరు 1, సోమవారం

ఒకటో తారీఖు కాబట్టి తెల్లవారుతూనే సచివాలయం ఉద్యోగులు మా వీధిలో పెన్షన్లు పంచుతూ వచ్చారు. ఎదురింటాయన వేలిముద్ర వేసి, నోట్లు లెక్కపెట్టుకుని భార్య చేతికిచ్చాడు. ఆయన కొబ్బరి దింపు తీసే మనిషి. చెట్టు మీంచి పడి నడుం దెబ్బతింది. ఇప్పుడు కర్రల సాయంతో గుమ్మం దాకా రాగలడు, అంతే. దివ్యాంగుల పెన్షన్ 2024 జూలైలో 3,000 నుంచి 6,000 అయ్యాక ఆ ఇంట్లో మందులకి అప్పు చెయ్యడం తగ్గిందని వాళ్ళావిడే చెప్పింది. కోనసీమలో ఎన్ని తోటల కాయ దింపాడో ఆయన! ఒక్కరి దగ్గరా పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. ఇది అన్యాయం అని నాకు గట్టిగా అనిపిస్తుంది. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ నాకూ ఉంది, దరఖాస్తూ పెట్టాను. కానీ అది మంజూరయ్యేదాకా ఆ ఆరు వేలు నా పుస్తకంలో రాసుకోను.

నా పెన్షన్ శుక్రవారమే బ్యాంకులో పడింది. మూడున్నర వేలు. పాతికేళ్ళు ఆక్వా ఫీడ్ (చేపల, రొయ్యల మేత) ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేస్తే ఇంతేనా అని చాలామంది అడుగుతారు. పీఎఫ్ పెన్షన్ లెక్క అలాంటిది. నెలజీతాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగిస్తారు. జీతం ఎంతున్నా లెక్కలోకి వచ్చేది 15,000 వరకే. 2014 సెప్టెంబరుకి ముందు చేసిన సర్వీసుకైతే 6,500 వరకే. నా సర్వీసులో సగం పైన ఆ పాత లెక్కలోదే.

అయినా ఇది పూర్తిగా రావడమే గొప్ప. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, 50 ఏళ్ళు దాటాయి కాబట్టి ముందస్తు పెన్షన్ పెట్టేసుకోమని ఆఫీసులో ఒకరు సలహా ఇచ్చారు. అలా పెడితే 58 ఏళ్ళకి ఎన్నేళ్ళు తక్కువైతే అన్నేళ్ళకి, ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది, అదీ జీవితాంతం. మా యూనియన్‌లో పనిచేసిన పెద్దాయన విషయం విని ఇంటికొచ్చి మరీ ఆపారు. పూర్తిగా, శాశ్వతంగా పని చెయ్యలేని స్థితి వస్తే వైకల్య పెన్షన్ వేరే ఉంటుంది, దానికి వయసు అడ్డం రాదు, కోత ఉండదు, మెడికల్ బోర్డు పరీక్ష మాత్రం ఉంటుంది అని చెప్పారు. ఫారం ఒకటే, 10-డి. అందులో ఏ రకం పెన్షన్ అని రాస్తామో దాన్నిబట్టే అంతా. గ్రాట్యుటీకి కూడా మామూలుగా అయిదేళ్ళ సర్వీసు ఉండాలి. జబ్బుతో పని చెయ్యలేకపోయినా, చనిపోయినా ఆ నిబంధన వర్తించదు. ఈ సంగతి చాలామంది చిన్న ఉద్యోగులకి తెలియదు. తెలియక వదిలేసుకున్న కుటుంబాలు మా చుట్టుపక్కలే ఉన్నాయి.

పదింటికి మా బావమరిది వచ్చాడు. సార్వా కోతలు అయిపోయాయి, రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు, బండి నడపడం కష్టమైంది అంటూ కూర్చున్నాడు. కాఫీ తాగాక అసలు విషయం ఎత్తాడు. ఇంకో రెండెకరాల రొయ్యల చెరువు కౌలుకి దొరుకుతోందట.

"పోస్టాఫీసులో మీకు నెలకి నూటికి అరవై పైసలు కూడా గిట్టుబాటు కాదు బావగారూ. నేను రెండు రూపాయలు ఇస్తాను. ఆరు లక్షలకి నెలకి పన్నెండు వేలు. ఇంట్లో కూర్చుని తినొచ్చు."

లెక్క దాదాపు నిజమే. పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బులో ఆసుపత్రి అప్పు తీర్చగా మిగిలినదాంట్లో ఆరు లక్షలు పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో పెట్టాం. 7.4 శాతం లెక్కన నెలకి 3,700 వస్తుంది. నూటికి అరవై పైసలు కాస్త దాటుతుంది, అంతే. సీనియర్ సిటిజన్ల పథకంలో 8.2 శాతం ఉంది, కానీ దానికి 60 ఏళ్ళు నిండాలి, రిటైరైన వాళ్ళకైనా కనీసం 55. నాకు 53. జబ్బు ముందే వచ్చింది, వయసు ఇంకా రాలేదు.

కానీ చెరువుల సంగతి నాకు తెలియనిదా? మేతబస్తాలు అరువు మీద ఎవరు పట్టుకెళ్ళారో, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక ఎవరు మొహం చాటేశారో రిజిస్టర్లన్నీ నా చేత్తో రాసినవే. వైట్‌స్పాట్ తెగులు తగిలితే నాలుగు రోజుల్లో చెరువు ఖాళీ. రొయ్య బాగా పెరిగినా ధర మన చేతిలో ఉండదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి పెంచగానే ఇక్కడ రొయ్యల రేట్లు ఎలా పడిపోయాయో మా బావమరిదే వచ్చి చెప్పాడు. వాడు మోసగాడు కాదు, కష్టజీవి. నష్టం వస్తే మాత్రం నా డబ్బు తిరిగి ఇవ్వలేడు. అప్పుడు నా దగ్గర డబ్బూ ఉండదు, మా ఆవిడకి పుట్టిల్లూ ఉండదు.

నాకు బాధ కలిగింది మాత్రం వాడు అడిగినందుకు కాదు. నా మాట తడబడుతుంది, ఒక్కో ముక్క కూడబలుక్కుని చెప్పాలి. నేను నోరు తెరిచేలోపు వాడు మా ఆవిడ వైపు తిరిగి, "నువ్వు చెప్పక్కా, ఏం చేద్దాం?" అన్నాడు. నా ఎదురుగానే, నా కష్టార్జితం గురించి. జబ్బు పడినప్పటి నుంచి డాక్టర్లూ, బంధువులూ, అందరిదీ ఇదే వరస. చెయ్యి పనిచెయ్యనివాడికి లెక్క కూడా తెలియదనుకుంటారు. మా ఆవిడ ఏమీ అనకుండా నా వైపు చూసి ఆగింది. ఎంతసేపు పట్టినా ఆగింది. "ఇవ్వను. అమ్మాయి చదువు ఉంది," అన్నాను. వాడు ఇంకేం అడగలేదు. భోజనం చేసి వెళ్ళమంటే చేసే వెళ్ళాడు.

మధ్యాహ్నం అంబాజీపేటలో బ్యాంకు పని. కుడిచేతి సంతకం పోయింది కాబట్టి ఎడమచేతి సంతకం కొత్తగా నమోదు చేయించాం. నాలాంటి వాళ్ళు వేలిముద్ర కూడా వెయ్యొచ్చు. ఇద్దరు సాక్షులు కావాలి, ఒకరు బ్యాంకు ఉద్యోగి అయ్యుండాలి. దాంతోపాటు ఖాతాని ఇద్దరి పేరా, ఎవరైనా తీసుకునేలా మార్పించాం. ఇది ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేయించుకోవాల్సిన పని. నేను ఐసీయూలో ఉన్న రోజుల్లో మా ఖాతాలో డబ్బుండీ మా ఆవిడ పక్కింటి వాళ్ళ దగ్గర అప్పు చేసింది.

సాయంత్రం నోటుపుస్తకం తీశాం. చెప్పేది నేను, రాసేది తను. పెన్షన్ మూడున్నర వేలు, పోస్టాఫీసు 3,700, తన కుట్టుమిషన్ మీద వచ్చేది, పాతిక సెంట్ల కొబ్బరి మీద దింపు దింపుకీ వచ్చేది. ఈసారి కాయ ధర బాగుంది. బీపీ మాత్రలు జన ఔషధి షాపులో తీసుకుంటున్నాం కాబట్టి ఆ ఖర్చు సగానికి సగం తగ్గింది. ఫిజియోథెరపీ మాత్రం తగ్గించడం లేదు. తను తగ్గించనివ్వదు.

వడ్డీ మీద బ్యాంకు వాళ్ళు టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కొయ్యకుండా ఏప్రిల్లో డిక్లరేషన్ ఫారం ఇవ్వాలని తనే గుర్తుచేసింది. నేను పోతే తనకి పెన్షన్లో సగం, కనీసం వెయ్యి రూపాయలు, పాతికేళ్ళు నిండేదాకా అమ్మాయికి విడిగా కొంత వస్తాయని చెప్పబోతే, "ఇప్పుడా మాటలెందుకండీ" అని కలం పక్కన పెట్టేసింది. రాయమన్నాను. కళ్ళు తుడుచుకుని రాసింది. పెన్షన్ ఆర్డరు నంబరు, పోస్టాఫీసు పాసుబుక్కు ఎక్కడుందో, ఏ కాగితం ఎవరికివ్వాలో అన్నీ తన అక్షరాల్లో ఉంటేనే నాకు నిద్ర పడుతుంది.

అమ్మాయి ఫీజు సంక్రాంతి సెలవుల్లోపు కట్టాలి. బ్యాంకులో చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి ఈ నెల మధ్యలో మెచ్యూర్ అవుతుంది. అది దానంతటదే రెన్యువల్ అయిపోకుండా ముందే కాగితం రాసివ్వాలి. ఉత్తరం తను రాసేసింది, రేపు నేను సంతకం పెట్టాలి.