నలభై నాలుగేళ్ల వయసులో పసుపు బెల్టు: నా కటా అనుభవం

మా అమ్మాయి కోసం కరాటే తరగతికి మూడు నెలల ఫీజు ముందుగానే కట్టాను. ఆమె పదిహేను రోజులకే మానేసింది. డబ్బు తిరిగి అడిగితే మాస్టారు నవ్వి, "కట్టింది వెనక్కి రాదు సార్, కావాలంటే మీరే రండి" అన్నారు. ఆ పైకం వృథా పోవడం ఇష్టంలేక, గుంటూరులోని ఒక బడి ఆవరణలో, నా భుజం దాకా కూడా రాని పిల్లల వరుసలో తెల్ల బెల్టు కట్టుకుని నిలబడ్డాను.

గుద్దడం, అడ్డుకోవడం నెల రోజుల్లో పట్టుబడ్డాయి. డ్రెస్సు మాత్రం ఒక సైజు పెద్దది కొనుక్కోండి. నూలు గుడ్డ మొదటి ఉతుకుకే కుంచించుకుపోతుంది.

నా ప్రాణం తీసింది కటా. ఎదుట లేని ప్రత్యర్థితో నిర్ణీతమైన వరుసలో చేసే పోరాటం అది. కరాటే శైలుల్లో ఒకటైన షోటోకాన్ పద్ధతిలో మాకు మొదట నేర్పింది 21 కదలికల హేయాన్ షోడాన్. జపాన్ దీవి ఒకినావాలో కరాటే గురువు ఇటోసు అంకో ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో బడిపిల్లల కోసం పినాన్ పేరుతో కూర్చిన ఐదు కటాల్లో ఇదొకటని, షోటోకాన్‌కు ఆద్యుడైన ఫునకోషి గిచిన్ తరువాత వాటి పేరు హేయాన్‌గా మార్చి, మొదటి రెండింటి వరుసను తారుమారు చేశాడని చదివాక నా సిగ్గు రెట్టింపయింది. బడిపిల్లలకు వచ్చేది నాకెందుకు రాదు?

రానిది పదో కదలిక. ముందుకు సాగుతూ మూడుసార్లు తలకు పైన అడ్డుకుని, మూడోసారి "కియాయ్" అని అరిచాక, కుడి వైపుకు తిరిగి నిలవాలి. కానీ కుడికి తిన్నగా తిరగకూడదు. ఎడమగా, 270 డిగ్రీలు, ముప్పావు చుట్టు చుట్టి అక్కడికి చేరాలి. చిన్నప్పటి నుంచి గుడి చుట్టూ ప్రదక్షిణం చేసి కుడికి తిరగడానికి అలవాటుపడిన ఒళ్లు ఈ అప్రదక్షిణానికి ససేమిరా ఒప్పుకోలేదు.

పసుపు బెల్టు పరీక్ష నాడు ఆ అరుపు దాకా అంతా సవ్యంగానే సాగింది. ఆ తరువాత ఎడమకు పావు చుట్టు తిరిగి ఆగిపోయాను. వరుసలో నా ఎడమ పక్కనున్న తొమ్మిదేళ్ల పిల్లవాడు సరిగ్గా తిరగడంతో ఇద్దరం ముఖాముఖి నిలబడ్డాం. వాడు గుద్దు కోసం ముందుకు అడుగు వేయబోయి, నా పొట్ట అడ్డం రాగా, చెయ్యి గాలిలోనే ఆపి, "అంకుల్, అటు" అని గుసగుసగా చెప్పాడు. వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు మైకు పట్టుకుని, "అంకుల్ గారు కాస్త పక్కకు జరిగితే పిల్లలు పూర్తి చేస్తారు" అన్నాడు. ప్లాస్టిక్ కుర్చీలలో కూర్చున్న తల్లిదండ్రులందరూ నవ్వారు. మళ్లీ పరీక్షకు మళ్లీ పూర్తి ఫీజు వసూలు చేశారు. తప్పినవాడి దగ్గర సగమైనా తగ్గించాలన్న ఇంగితం లేని చోట వినయం గురించి ఉపన్యాసాలు మాత్రం పుష్కలంగా ఉంటాయి. పిల్లల ముందు పెద్దవాణ్ణి నవ్వులపాలు చేయడం ఏ యుద్ధవిద్యలోనూ పాఠం కాదు.

తరువాతి రెండు నెలలు తెల్లవారుజామున డాబా మీద సుద్దముక్కతో గీతలు గీసుకుని సాధన చేశాను. చివరికి తెలిసిన కిటుకు చిన్నదే: మొహం తిప్పాలన్న తొందరలో నేను కాలిని మరిచిపోతున్నాను. వెనకనున్న ఎడమ కాలిని ముందుగా, కుడి కాలి వెనక నుంచి కుడి పక్కకు జరిపి పెడితే, నడుము తిరగక తప్పదు. అద్దం ముందు మాత్రం సాధన చేయకండి; తిరుగుతుండగానే అద్దం వీపు వెనక్కి పోతుంది, దానితో పాటు ధైర్యమూ పోతుంది. పద్దెనిమిదో కదలికలోనూ ఇదే చుట్టు ఉంది కాబట్టి ఒక్క కష్టానికి రెండు ఫలితాలు దక్కాయి. ఇప్పుడు కళ్లు మూసుకుని కూడా చేయగలను, మా ఆవిడ సాక్షి.

మొన్న ఆదివారం రెండో పరీక్షకు అదే పరీక్షకుడు వచ్చాడు. అరిచాను, కాలు జరిపాను, తిరిగాను. ఈసారి నా ఎదుట ఏ పిల్లవాడి మొహమూ లేదు. కుడి పక్కవాడి వీపు, దాని మీద మెలితిరిగిన తెల్ల బెల్టు కనిపించాయి.