ముసురు రోజు, చెరువు నాచు, బుడగల లెక్క

శ్రీకాకుళం, సెప్టెంబరు. తెల్లారినప్పటి నుంచి ముసురే. నీటిలో పెరిగే హైడ్రిల్లా నాచు వెలుగులో వదిలే ఆక్సిజన్ బుడగలు లెక్కపెట్టి కిరణజన్య సంయోగక్రియ వేగం కొలిచే ప్రయోగానికి ఇంతకంటే మంచి రోజు దొరకదు. కిటికీలోంచి ఎండ పడదు కాబట్టి మొక్కకు అందేది బల్బు వెలుగొక్కటే.

చెరువులోంచి తీసిన నాచులో లేత పచ్చటి కొమ్మ ఆరేడు సెంటీమీటర్లు చాలు. దాన్ని నీళ్లలోనే ముంచి ఉంచి, కాడను ఏటవాలుగా కోయాలి. కోసిన చివర పైకి ఉండాలి. కింది కొసకు పేపరు క్లిప్పు తగిలిస్తే తేలిపోదు. బీకరులో 400 మిల్లీలీటర్ల నీళ్లు, అందులో గ్రాము తినేసోడా. కార్బన్ డయాక్సైడ్ అందేది ఆ సోడా నుంచే. సోడా వేయకుండా కాచి చల్లార్చిన నీళ్లు పోస్తే కరిగిన వాయువంతా ముందే పోయి ఉంటుంది, బుడగలు రావు. మొక్క చచ్చిందనుకుని పారేసేవాళ్లు ఎక్కువ.

బల్బును 10 సెంటీమీటర్ల నుంచి 20కి జరిపితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. బుడగలు కూడా అంతే తగ్గాలి కదా? చాలాసార్లు తగ్గవు. దగ్గరలో వెలుగు మొక్క వాడుకోగలిగిన దానికంటే ఎక్కువే ఉంది. అక్కడ కొరత కార్బన్ డయాక్సైడ్‌ది. ఇంకాస్త సోడా వేస్తే బుడగల వేగం పెరగడమే దానికి రుజువు. అన్నిటికన్నా కొరతగా ఉన్నదే వేగాన్ని నిర్ణయిస్తుందని 1905లో బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞుడు బ్లాక్‌మన్ చెప్పింది ఇదే. దూరం మార్చిన ప్రతిసారీ ఐదు నిమిషాలు ఆగి, నిమిషం చొప్పున మూడుసార్లు లెక్కపెట్టి సగటు తీయాలి. పాత ఫిలమెంటు బల్బు నీళ్లను వేడెక్కిస్తుంది. వేడికి కరిగిన వాయువు కూడా బుడగలై వచ్చి లెక్క చెడగొడుతుంది. ఎల్‌ఈడీ పెట్టడం మేలు, థర్మామీటరు ఎలాగూ ఉండాలి.

ఇదే లెక్క బయట మళ్లలోనూ నడుస్తోంది. ఉభాలు (వరి నాట్లు) అయిపోయి వరి పిలకలు వేస్తోంది. నీళ్లున్నాయి, కొరతల్లా వెలుగే. ఏప్రిల్ మధ్యాహ్నం దీనికి తిరగబడుతుంది: ఎండ ధారాళం, నేలలో తడి లేక ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోదు. ఆ వేడిని మెట్ట మీది చోడి (రాగి) వరికంటే బాగా తట్టుకుంటుంది. ఆకులో కార్బన్ డయాక్సైడ్‌ను ఒకచోట పోగుచేసుకునే ఏర్పాటు దానికుంది, వరికి లేదు.

ముసురులో పైరు ఎదగలేదని యూరియా చల్లడం మాత్రం దండగ. వెలుగు లేనిదే ఆ నత్రజని మాంసకృత్తులుగా మారదు. ఆకు మెత్తబడి అగ్గి తెగులుకూ సుడిదోమకూ దారిస్తుంది. రెండు మూడు రోజులు ఎండ కాశాక కూడా కింది ముదురాకులు పసుపుగానే ఉంటే అప్పుడు వేయొచ్చు.