తాతయ్య రికార్డుల పెట్టె

అమలాపురం ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద తాతయ్య గ్రామఫోన్ రికార్డులు దొరికాయి. లక్కతో చేసినవి, నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, ఒక్కో వైపు మూడు నిమిషాలే. తేమకి కాగితం కవర్లు అతుక్కుపోయాయి గానీ ప్లేట్లు ఇంకా నల్లగా మెరుస్తున్నాయి.

పద్యాలు, జావళీలు వెంటనే అమ్ముడుపోయాయి. ఒక్క హాస్యం ప్లేటు దగ్గరే ఆగిపోయాను. చెప్పులు కుట్టే మనిషి యాసను వెక్కిరిస్తూ సాగుతుంది. కొనడానికి వచ్చినాయన దానికే ఎక్కువ రేటు చెప్పాడు, 'ఇలాంటివి అరుదండీ' అని.

పగలగొట్టేద్దామనిపించింది. లక్క కదా, చేయి జారితే చాలు. అమ్మ వద్దంది. 'అప్పుడు ఈ అరుగు మీద కూర్చుని నవ్వింది మనవాళ్లేరా.'

ఆ మాట ఇంకా గుచ్చుతోంది. అందులో ఏముందో కాగితం మీద రాసి, ఏదైనా లైబ్రరీకి ఊరికే ఇస్తాను. డబ్బుకి మాత్రం అమ్మను.